మావగారు ఇల్లు కదలనంటున్నారు, అత్తకి డయాలసిస్ ఉంది, తుపాను కబుర్లు నమ్మాలా వద్దా?

ఈ ఉత్తరం శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చింది. కవిటి మండలంలో సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరు, రాసినావిడ పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి రాయట్లేదు. ఆవిడ ఆ ఇంటి కోడలు. భర్త చెన్నైలో బిల్డింగ్ పనుల్లో ఉంటాడు, పండక్కి వస్తాడు వెళ్తాడు. ఇంట్లో మావగారు, అత్తగారు, ఇద్దరు చిన్నపిల్లలు, రెండు ఆవులు, ఎకరంన్నర కొబ్బరితోట, మధ్యలో కాస్త జీడి, పనస. ఇల్లు పాత పెంకుటిల్లే గానీ 2018లో తిత్లీ తుపాను తర్వాత అప్పుచేసి వెనకాల ఒక గదికి శ్లాబ్ వేయించుకున్నారట. అత్తగారికి కిడ్నీ జబ్బు. మంగళవారం, శుక్రవారం ఆటో కట్టించుకుని సోంపేటకి డయాలసిస్‌కి తీసుకెళ్లేది ఈ కోడలే.

గొడవ ఎక్కడ మొదలైందంటే 2021 డిసెంబరులో జవాద్ తుపాను అన్నప్పుడు సచివాలయం వాళ్లు వచ్చి ఖాళీ చేయమంటే వీళ్లంతా ఊరి స్కూల్లో తలదాచుకున్నారు, నేల మీద పడుకున్నారు, అత్తకి కాళ్లు వాచిపోయాయి, తిరిగొచ్చేసరికి తుపాను లేదు గానీ పెరట్లో కోళ్లు లేవు. ఊళ్లో కదలకుండా ఉన్నవాళ్లు నవ్వారు. మరుసటి ఏడాది వేసవిలో అసని అన్నారు, అదీ ఇటు రాకుండా మచిలీపట్నం వైపు పోయింది. అప్పట్నుంచి మావగారిది ఒకటే మాట: "టీవీ వాడికి పని లేక చెప్తాడు, తుపాను వస్తే నాకు తెలీదేటి, గాలిని చూస్తే తెలీదా, సముద్రం హోరు వింటే తెలీదా, నేను చావనైనా చస్తాను గానీ తోటొదిలి రాను." అటు చెన్నై నుంచి భర్త యూట్యూబ్ చూసి ఫోన్లో కేకలేస్తాడు, అల్పపీడనం అంటే చాలు వెంటనే బయల్దేరమంటాడు. ఈవిడ పుట్టిల్లు ఒడిశాలోని బరంపురంలో, పక్కా డాబా, అమ్మ రమ్మంటోంది. మళ్లీ అక్టోబరు వస్తోంది. ఆవిడ అడిగింది ఇది: "అసలు వాతావరణ శాఖ మాట నమ్మొచ్చా? మావయ్యని ఎలా కదపాలి? బరంపురం వెళ్లిపోవడం మంచిదేనా? ఆఖరికి ఆయన రానంటే పిల్లల్నీ అత్తనీ తీసుకుని నేను వెళ్లిపోతే తప్పా?"

అమ్మా, ముందు ఆ జవాద్ సంగతి తేల్చుకుందాం, మీ ఇంట్లో పట్టుదలంతా దాని దగ్గరే బిగుసుకుంది.

జవాద్ అబద్ధం కాదు. 2021 డిసెంబరు 3న నిజంగానే తుపానుగా మారింది, ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా తీరం వైపే వచ్చింది, తర్వాత తీరం పక్కనుంచి పైకి తిరిగి సముద్రంలోనే బలం తగ్గిపోయి పూరీ వైపు చేరేసరికి వాయుగుండం స్థాయికి దిగిపోయింది. డిసెంబరులో మన పై భాగం సముద్రం చల్లబడి ఉంటుంది, పైన గాలులు తుపాను తలని ఒకవైపు నెట్టేస్తాయి, పొడిగాలి లోపలికి దూరుతుంది, అప్పుడది అలా నీరసపడిపోతుంది. 2013 నవంబరులో లెహర్ కూడా అంతే, చాలా తీవ్రమైన తుపాను అన్నారు, మచిలీపట్నం దగ్గర తీరం చేరేసరికి వాయుగుండమే మిగిలింది. తుపాను చెప్పేవాళ్లు రెండు వేరువేరు సంగతులు చెప్తారు, ఎటు వెళ్తుంది అన్నది ఒకటి, ఎంత బలంగా ఉంటుంది అన్నది ఒకటి. దారి చెప్పడం ఈ ఇరవై ఏళ్లలో చాలా బాగుపడింది. బలం చెప్పడమే ఇప్పటికీ కష్టం. జవాద్‌లో మీ మావగారు చూసింది బలం విషయంలో జరిగిన తేడా, దాన్ని పట్టుకుని మొత్తం అంతా ఉత్తిదే అనేశారు.

ఇక దారి సంగతి. ఇది మీ ఊరికి చాలా ముఖ్యం, కాస్త ఓపికగా చదవండి. మన వాతావరణ శాఖ, అదే ఐఎండీ, ఒక రోజు ముందు చెప్పే దారికీ తుపాను నిజంగా వెళ్లే దారికీ ఈ మధ్య ఏళ్లలో సగటున 75–80 కిలోమీటర్ల తేడా ఉంటోంది, మూడు రోజుల ముందు చెప్పినదైతే 150 దాటుతుంది. ఇంత పెద్ద బంగాళాఖాతంలో 75 కిలోమీటర్లంటే చాలా మంచి లెక్క. కానీ పలాస నుంచి ఒడిశాలోని గోపాలపూర్‌కి గీత గీస్తే అటూఇటూ 75 కిలోమీటర్లే, మీ కవిటి ఆ మధ్యలో ఉంది. అంటే వాళ్లు పూర్తిగా సరిగ్గా పనిచేసినా, అనుకున్నంత తేడాలోనే ఉన్నా, ఒకే హెచ్చరికకి తుపాను మీ నెత్తి మీద నుంచైనా పోవచ్చు, అటు బరంపురానికైనా పోవచ్చు. అందుకని హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ మీ ఊరికే తగలదు, తగలని సార్లే ఎక్కువుంటాయి, ఆ సార్లన్నీ మోసం కాదు. ఇది ముందే ఒప్పుకుని కూర్చుంటే మళ్లీ స్కూల్లో రెండు రాత్రులు పడుకుని వచ్చినా ఇంత మంట ఉండదు.

నమ్మొచ్చా అని అడిగారు కదా. నమ్మితే ఏమవుతుందో మన పక్క జిల్లాలోనే చూశాం. 1999 అక్టోబరు 29న ఒడిశాని కొట్టిన మహా తుపానులో దగ్గరదగ్గర 10 వేల మంది పోయారు. అదే ఒడిశాలో 2013 అక్టోబరు 12 రాత్రి, దసరాల్లో, పైలిన్ గోపాలపూర్ దగ్గర దాటింది, గంటకి 200 కిలోమీటర్లు దాటిన గాలి, బరంపురం ఊరంతా చెట్లూ స్తంభాలూ పడిపోయి మీ అమ్మగారికి బాగా గుర్తుండే ఉంటుంది. పోయినవాళ్లు పదుల్లోనే ఉన్నారు. తుపాను బలం తక్కువై కాదు, దాదాపు 10 లక్షల మందిని ముందే కదిపారు, కదపగలిగారంటే ఎక్కడ దాటుతుందో రోజుల ముందే చెప్పగలిగారు. ఇంకో మాట, అప్పుడు బయటి దేశాల సంస్థలు కొన్ని ఇది ఇంకా భయంకరం, సూపర్ సైక్లోన్ అంటుంటే మన ఐఎండీ 210–220 దగ్గరే నిలబడింది, చివరికి వాళ్ల మాటే దగ్గరైంది. ఎక్కువ చేసి చెప్పడమే వాళ్ల పనైతే ఆ రోజు అంతకంటే మంచి అవకాశం ఏముంది?

మరి మీ ఆయన చూసే యూట్యూబ్ సంగతి వేరే. అల్పపీడనం పుట్టకముందే పది రోజుల తర్వాతి మ్యాప్ ఒకటి ఎర్రగా చూపించి మహా ప్రళయం అని పెట్టేవాళ్లు ఉన్నారు, అలాంటి మ్యాపులు రోజుకో రకంగా మారతాయి, అది జోస్యం కిందే లెక్క. ఆయనకి చెప్పండి, ఐఎండీ బులెటిన్ మాత్రమే చూడమని. తుపాను ఏర్పడ్డాక మూడు గంటలకోసారి కొత్తది వస్తుంది, ఫోన్లో మౌసమ్ యాప్‌లో ఉంటుంది, విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం తెలుగులోనూ చెప్తుంది. అందులో చూడాల్సింది మూడే: ఏ తేదీ ఎన్నింటికి ఇచ్చిన బులెటిన్, ఎక్కడెక్కడి మధ్య దాటుతుందంటున్నారు, గాలి ఎంత అంటున్నారు. వాట్సాప్‌లో తిరిగే బులెటిన్ చాలాసార్లు నిన్నటిదో, ఒక్కోసారి వేరే ఏడాదిదో ఉంటుంది, తేదీ చూడకుండా ఎవరికీ పంపొద్దు. మ్యాప్‌లో దారి పక్కన విచ్చుకుంటూ వెళ్లే వెడల్పు పట్టీ ఒకటుంటుంది, మధ్యలో గీత చూసి ఊపిరి పీల్చుకోవద్దు, ఆ పట్టీలో మీ ఊరుంటే మీరు ఉన్నట్టే.

ఇప్పుడు మీ మావగారు. ఆయన్ని తీసిపారేయకండి అమ్మా, ఆయనకి తెలుసన్నది నిజం. తుపాను మనకి ఆగ్నేయంగా సముద్రంలో ఉన్నప్పుడు మన ఒడ్డున గాలి ఈశాన్యం నుంచి విడవకుండా వీస్తుంది, సముద్రం హోరు మారుతుంది, అలల మధ్య ఎడం పెరుగుతుంది, తరాలుగా గంగపుత్రులూ ఒడ్డున తోటలున్న రైతులూ చూసి నేర్చుకున్నదే, పుస్తకాలూ అదే చెప్తాయి. ఆయన గుర్తులతో వచ్చిన చిక్కు ఒక్కటే, అవి ఆలస్యంగా వస్తాయి. ఈశాన్యం గాలి బాగా బిగిసిందని ఆయన తేల్చుకునేసరికి కొన్ని గంటలే మిగులుతాయి, అప్పటికి బస్సులుండవు, రైళ్లు ఆపేసి ఉంటారు, డయాలసిస్ సెంటర్లో అడిగే వీలుండదు. ఆయన ఒక్కడి ప్రాణం కాపాడుకోడానికి ఆ టైము సరిపోవచ్చు, మీ అత్తగారికి సరిపోదు.

ఆయనతో మాట్లాడాలంటే నాకు తోచిన దారి ఒకటి చెప్తాను. తుపాను గాలి మన దగ్గర గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. పైలిన్ మీకు ఉత్తరంగా గోపాలపూర్ దగ్గర దాటింది, అంటే మీ ఊళ్లో గాలి ఈశాన్యం నుంచి ఉత్తరానికి, అక్కణ్ణుంచి వాయవ్యానికి, పడమరకి తిరిగి ఉండాలి. తిత్లీ మీకు దక్షిణంగా పలాస దగ్గర దాటింది, అంటే అప్పుడు ఈశాన్యం నుంచి తూర్పుకి, ఆగ్నేయానికి తిరిగి సముద్రం మీద నుంచి సూటిగా కొట్టి ఉండాలి. ఆయన్ని అడగండి, పైలిన్‌లో చెట్లు ఎటు పడ్డాయి, తిత్లీలో ఎటు పడ్డాయి అని. తోటలో ఒక్కో చెట్టు ఆయనకి గుర్తే ఉంటుంది. అలా మొదలుపెడితే ఆయనే చెప్తారు తిత్లీ గాలి పైలిన్ కంటే తక్కువని టీవీలో అన్నా మనకెందుకు అంత నాశనం చేసిందో, ఎందుకంటే తీరం దాటే చోటికి కుడిపక్క ఉన్నవాళ్లకే దెబ్బ ఎక్కువ, తిత్లీలో కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం ఆ కుడిపక్కనే ఉన్నాయి. "మీకు తెలీదు, టీవీ వాడికి తెలుసు" అన్న మాట ఇంట్లో ఎవరూ అనొద్దు. ఆయనకి తెలిసింది ఆఖరి పూట పనికొస్తుంది, బులెటిన్ రెండు రోజుల ముందు పనికొస్తుంది, రెండూ కావాలి.

ఇంకోటి కూడా ఉంది. ఆయన తోట దగ్గర ఉంటే గాలి ఆగదని ఆయనకీ తెలుసు. తిత్లీలో ఉద్దానంలో లక్షల చెట్లు పోయాయి, దేశవాళీ కొబ్బరి మళ్లీ కాపుకి రావాలంటే ఆరేడేళ్లు, అరవై దాటిన మనిషికి అదెంత దూరంగా కనబడుతుందో ఆలోచించండి. ఆయన కదలననడంలో మొండితనం కొంతే, మిగతాదంతా దిగులు. దానికి మీరు చెయ్యగలిగింది ముందే కొంత ఉంది. సెప్టెంబరులోనే ముదిరిన కాయలు దింపించండి, కింది మట్టలు కొట్టించండి, చెట్టుకి గాలి పట్టు తగ్గుతుంది. తోట అంతా తేదీ పడేలా ఫోన్‌తో వీడియో తీయండి, చెట్లు లెక్కపెట్టి కాగితం మీద రాయండి, పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు పుస్తకం, అత్త డయాలసిస్ ఫైలు ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. కొబ్బరి చెట్లకి కొబ్బరి అభివృద్ధి బోర్డు బీమా పథకం ఉంది, మీ చెట్లకి వర్తిస్తుందా అని ఉద్యాన శాఖ వాళ్లని ఆయన చేతే అడిగించండి. నష్టం రాసుకోడానికి వచ్చినప్పుడు నేను ఊళ్లో లేకపోతే నా చెట్లు ఎవరు చూపిస్తారన్న భయం చాలామంది రైతులకి ఉంటుంది, పైకి చెప్పరు. ఆవుల్ని ఆ రాత్రి పాకలో కట్టి ఉంచకూడదు, పాక వాటి మీదే పడుతుంది, పలుపు విప్పి మెరక మీద, చెట్లకీ కరెంటు తీగలకీ దూరంగా వదలాలి. ఇది కూడా ఆయన పనే, ఆయనకే అప్పజెప్పండి.

అసలు విషయానికి వస్తున్నాను. మీ ఉత్తరంలో అత్తగారి డయాలసిస్ గురించి ఒక్క ముక్కే రాశారు, నాకు మాత్రం మొత్తం దాని మీదే తిరుగుతున్నట్టు అనిపించింది. తిత్లీనే తీసుకోండి. 2018 అక్టోబరు 8న వాయుగుండం, 9న తుపాను అని పేరు పెట్టారు, 11 తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య పలాస దగ్గర తీరం దాటేసింది. 140–150 గాలి. పేరు పెట్టాక రెండు రోజులు కూడా లేవు. 11 అంటే గురువారం. మీ అత్తది మంగళ, శుక్రవారాలు. అంటే 9న మంగళవారం చేయించుకుని వచ్చేస్తారు, శుక్రవారం నాటికి కవిటి, సోంపేట రోడ్డు నిండా కొబ్బరి చెట్లూ స్తంభాలూ పడి ఉంటాయి, ఆటో కాదు కదా 108 కూడా రాలేదు, మహేంద్రతనయ, బాహుదా నదులు పొంగితే వేరే దారీ ఉండదు. ఎలాగో సెంటర్‌కి చేరినా కరెంటుండాలి, నీళ్లుండాలి, ఒక్కసారి డయాలసిస్‌కి 120 లీటర్ల పైనే శుద్ధి చేసిన నీళ్లు కావాలి. తిత్లీ తర్వాత ఉద్దానంలో చాలా ఊళ్లకి కరెంటు రావడానికి ఎన్ని రోజులు పట్టిందో మీకు నేను చెప్పాలా? మంగళవారం నుంచి మళ్లీ మంగళవారం, వారం రోజులు. వారానికి రెండుసార్లు చేసేవాళ్లకి అది చాలా ప్రమాదం.

కాబట్టి తుపాను వస్తుందా రాదా అన్నది తేలేదాకా ఆగాల్సిన పని మీ ఇంట్లో మీకు లేదు. వస్తుందని వెళ్లి అది రాకపోతే మీకు పోయేది బస్సు చార్జీలు, రెండు రోజులు, ఊళ్లో నాలుగు నవ్వులు. రాదని ఉండిపోయి అది వస్తే పోయేదానికి లెక్క లేదు. ఈ రెండు తప్పులూ సమానం కావు. మావగారికి పోయేది వేరు, అత్తకి పోయేది వేరు, పిల్లలకి వేరు, అందరూ ఒకే గంటకి ఒకే చోటికి కదలాలని పట్టుబట్టడం వల్లే మీ ఇంట్లో ఎవరూ కదలట్లేదని నాకనిపిస్తోంది.

మీ ముందున్న దారులు చూద్దాం. మొదటిది అందరూ ఇంట్లోనే ఉండిపోవడం, వెనక శ్లాబ్ గదిలో. గోడలు గట్టివైతే గాలికి ఆ గది ఆగొచ్చు, పెంకుటింట్లో మాత్రం ఒక్కరు కూడా ఉండకూడదు. కానీ ఉప్పెన వస్తుందని బులెటిన్‌లో మీ తీరం పేరు చెప్తే ఆ గది కూడా లెక్కలోకి రాదు, పైగా డయాలసిస్ తప్పిపోవడం ఖాయం. రెండోది షెల్టర్. ప్రాణానికి భయం లేదు, తిండి పెడతారు, పిల్లలకీ మావగారికీ సరిపోతుంది, అత్తగారికి నేల మీద పడుకోవడం, బాత్రూముకి క్యూ, మళ్లీ డయాలసిస్ దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో ఉన్నట్టే. అయితే మొన్నటిలా కాకుండా మడత మంచమో కుర్చీయో ముందే పట్టుకెళ్లొచ్చు, కిడ్నీ పేషెంట్ ఉందని సచివాలయంలో ఏఎన్ఎంకి ఇప్పుడే పేరు రాయించొచ్చు.

మూడోది బరంపురం. అమ్మ ఇల్లు, పక్కా డాబా, పెద్ద ఊరు, ఎంకేసీజీ లాంటి పెద్దాసుపత్రి. కానీ ఇచ్ఛాపురం దాటాక 25–30 కిలోమీటర్లే కదా, తుపాను మీద నుంచి పారిపోయినట్టు కాదు, పైలిన్ లాంటిదైతే దాని నోటి దగ్గరికే వెళ్లినట్టు. గట్టి ఇంట్లోకి మారుతున్నారంతే, అది కూడా మంచిదే, దూరం వెళ్లామనుకోకండి. రాష్ట్రం మారితే మీ కార్డు మీద అక్కడ డయాలసిస్ చేస్తారో లేదో, స్లాట్ ఇస్తారో లేదో ఈ నెల్లోనే కనుక్కోవాలి, తుపాను రోజు కాదు. ఇంకోటి, మీ అత్తగారు వియ్యపురాలింట్లో రోగిష్టిగా పడి ఉండడానికి ఇష్టపడతారా? ఆ సంగతి మీరు ఉత్తరంలో రాయలేదు గానీ ఉంటుంది. పిల్లలకైతే బరంపురం చాలా బాగుంటుంది, సందేహం లేదు.

నాలుగోది అత్తగారిని రెండు రోజుల ముందే ఒక ఆసుపత్రికి దగ్గర్లో పెట్టడం. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది, శ్రీకాకుళంలో జిల్లా పెద్దాసుపత్రి ఉంది. ఆ ఊళ్లలో మీ ఆడబిడ్డలో, అత్త తోబుట్టువులో ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆవిడకి అక్కడ మర్యాదగా ఉంటుంది, ఆసుపత్రి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే రోడ్లు మూసినా భయం లేదు. లేకపోతే నాలుగు రోజులకి చిన్న గది తీసుకోడానికి అయ్యే డబ్బు మీ ఆయన ఇప్పట్నుంచే పక్కన పెట్టాలి, ఫోన్లో కేకలేసే బదులు ఆయన చేయగల పని ఇదే. నాకైతే మీ ఇంటికి ఇదీ మూడోదీ కలిపితే బాగుంటుందనిపిస్తోంది, అత్త ఒకచోటికి, పిల్లలు ఒకచోటికి, కానీ అత్తతో ఎవరుంటారు అన్న ప్రశ్న మిగులుతుంది, దానికి మీ ఆయన ఆ నాలుగు రోజులు రాగలడా అన్నది మీరే తేల్చుకోవాలి.

ఏది ఎంచుకున్నా గంటలకి ముడిపెట్టండి, ఆ రోజు మూడ్‌కి కాదు. వాతావరణ శాఖ మామూలుగా తీరం దాటడానికి 48 గంటల ముందు ఒక హెచ్చరిక, 24 గంటల ముందు ఇంకో గట్టి హెచ్చరిక ఇస్తుంది, మొదటిది పసుపు, రెండోది ఆరెంజ్. శ్రీకాకుళం, బరంపురం ఉన్న గంజాం, రెండిట్లో ఏ జిల్లా పేరు పసుపులో వచ్చినా అత్తగారు కదిలిపోవాలి, అదే రోజు సెంటర్‌కి ఫోన్ చేసి శుక్రవారానిది ముందుకు జరపమని అడగాలి, చాలా చోట్ల ముందే అడిగితే కుదురుస్తారు, ఆలస్యంగా అడిగితే అందరూ అడుగుతుంటారు. ఆరెంజ్ వస్తే పిల్లలు ఊళ్లో ఉండకూడదు. మావగారికి ఆవులు విప్పడానికీ ఇల్లు సర్దడానికీ పగలంతా ఇవ్వండి, చీకటి పడేలోపు ఆయన షెల్టర్లోనో కనీసం ఊళ్లో గట్టి డాబాలోనో ఉండాలి. తిత్లీ తెల్లవారుజామున వచ్చింది, పైలిన్ రాత్రి వచ్చింది, చీకట్లో రోడ్డు మీద ఉండకూడదు. ఈ ఒప్పందం ఇప్పుడే, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే, నలుగురూ కూర్చుని చేసుకోండి, మీ ఆయన్ని వీడియో కాల్‌లో పెట్టండి. ఆయనకి మాట ఇచ్చినట్టు ఉంటుంది, మాట మీద నిలబడే మనిషిలా ఉన్నారు మీ మావగారు.

ఒకవేళ దారులు మూసుకుపోయి అత్త ఇంట్లోనే చిక్కుకుంటే ఈ ఒక్కటి మర్చిపోకండి. తుపాను తర్వాత మన ఉద్దానంలో మంచినీళ్లుండవు, తోటంతా బొండాలు పడి ఉంటాయి, అందరూ అవే తాగుతారు. అత్తగారికి కొబ్బరినీళ్లు ఇవ్వకూడదు. అందులో పొటాషియం చాలా ఎక్కువ, డయాలసిస్ తప్పిన మనిషికి అది గుండెకే ముప్పు. అరటిపండ్లూ అంతే. ప్రేమతో ఎవరో ఒకరు బొండం కొట్టి ఇస్తారు, పక్కింటివాళ్లకి కూడా ముందే చెప్పి ఉంచండి. డయాలసిస్ తప్పితే మూడు నాలుగు రోజులు ఏం తినాలి, నీళ్లు ఎంత తాగాలి అన్నది వాళ్ల డాక్టర్ని అడిగి ఇప్పుడే కాగితం మీద రాయించుకోండి, మందులు పది రోజులవి దగ్గరుంచండి. ఆయాసం వచ్చినా, కాళ్లూ చేతులూ బలం లేనట్టు అయిపోయినా, గుండె దడగా ఉన్నా ఆగకుండా 108కీ 112కీ ఫోన్ చేయాలి, రోడ్డు మూసుకుపోయిందని చెప్పాలి, అప్పుడు సహాయక బృందాలకి మీ పేరు ముందు వెళ్తుంది.

మీ ఆఖరి ప్రశ్నకి వస్తాను, ఆయన అప్పటికీ రానంటే మీరు వెళ్లిపోతే తప్పా అని. తప్పు కాదమ్మా. అత్తగారికి మిషన్ కావాలి, పిల్లలు తమంతట తాము కదలలేరు, ఆ ముగ్గురూ మీ చేతిలో ఉన్నారు, ఆయన తన నిర్ణయం తాను తీసుకోగల మనిషి. అయితే వెళ్లేటప్పుడు పోట్లాడి వెళ్లొద్దు, "మీరు లేకపోతే అత్త తట్టుకోలేదు, మీరొస్తే నాకు ధైర్యం" అని ఒక్కసారి చెప్పి చూడండి, మీరు చెప్తే వినకపోయినా అత్తగారు చెప్తే వింటారేమో, ఆవిణ్ణి ఎవరైనా అడిగారా అసలు తనకి ఏం కావాలో? అప్పటికీ రాకపోతే శ్లాబ్ గదిలో నీళ్లు, అటుకులు, బెల్లం, టార్చి, నిండా చార్జ్ చేసిన బటన్ ఫోను పెట్టండి, ఇంట్లో ఒక పెద్దాయన ఉన్నారని సచివాలయానికీ వీఆర్వోకీ చెప్పండి, వాళ్లు వచ్చి కదపడానికి చూస్తారు, అది మీరు చేసిన ద్రోహం అనుకోకండి. ఒక్క మాట మాత్రం ఆయనకి ఖచ్చితంగా చెప్పి వెళ్లండి: గాలి మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయి ఆకాశం తేటపడితే తుపాను కన్ను మీద నుంచి పోతోందని అర్థం, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే గాలి మళ్లీ వస్తుంది, అప్పుడు తోట చూద్దామని బయటికి అడుగు పెట్టకూడదు. ఆయనకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. అయినా మీ నోటితో చెప్పండి.

ముందు ఈ వారంలో సెంటర్‌కి అత్తని తీసుకెళ్లినప్పుడు రెండు అడిగి రండి, జనరేటర్ ఉందా, తుపాను హెచ్చరిక వస్తే షిఫ్ట్ ముందుకు జరుపుతారా అని. వాళ్లేం చెప్పారో రాయండి.